రాయపురం స్టేషను: చరిత్ర, భవితవ్యం

చెన్నపట్టణం సుప్రీముకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీ రాత్రి పట్టణం విడిచి, ఉత్తరాన తొండయార్‌పేటలో ఉన్న తన తోటకు చేరి, అక్కడినుండి కాశీయాత్రకు తరలినాడు. బోయీలు, బంట్రోతులు, పరిచారకులు, బంధుజనం కలిసి ఆయన వెంట పెద్ద పరివారమే కదిలింది. నదులు దాటుతూ, కనుమలు ఎక్కుతూ, ఊరూరా మజిలీ చేస్తూ, చూచినదల్లా వ్రాసుకుంటూ పోయిన ఆ యాత్ర 1831 సెప్టెంబరు 3వ తేదీకి గాని ముగియలేదు. మొత్తం 15 నెలల 15 రోజులు. ఆ వృత్తాంతాన్ని కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ 1838లో గ్రంథంగా వెలువరించేనాటికి వీరాస్వామయ్య లేడు. గ్రంథం వెలువడిన 18 ఏళ్ళకు, ఆ తోట ఉన్న పేటకు కాలినడకన పోదగినంత దూరంలోనే, దక్షిణ భారతదేశపు మొట్టమొదటి రైలు స్టేషను తలుపులు తెరిచింది. పల్లకీయుగం ఎక్కడ ముగిసిందో పొగబండి యుగం ఇంచుమించు అక్కడే మొదలయింది.

ఆ స్టేషను రాయపురం. నేడది చెన్నై నగరంలో ఒక చిన్న సబర్బన్ స్టేషను. ఉత్తరదిక్కుకు, పడమటిదిక్కుకు పోయే విద్యుత్తు బండ్లు బీచి స్టేషను విడిచిన పిమ్మట మొదట ఆగేది ఇక్కడే. ఆగేది కొద్ది క్షణాలు. చేపల గంపలతో కొందరు, భోజనపు క్యారియర్లతో కొందరు, పుస్తకాల సంచులతో కొందరు దిగుతారు, ఎక్కుతారు. ప్లాట్‌ఫారానికి ఒక ప్రక్కన ఎత్తైన స్తంభాలతో, విశాలమైన వసారాతో, ఎరుపు తెలుపు రంగులు పూసుకొన్న కట్టడం ఒకటి నిలిచి ఉంటుంది. ఎక్కేవారికి దిగేవారికి దానితో పని తక్కువ. దేశంలో నిలిచి ఉన్న రైలు స్టేషను కట్టడాలలో అదే ప్రాచీనమైనది. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య తొలి బండి నడిచినప్పటి బోరీబందరు స్టేషను గాని, 1854లో తూర్పున బండ్లు మొదలైనప్పటి హౌరా స్టేషను గాని తొలిరూపంలో ఇప్పుడు లేవు. వాటి స్థానే మహాసౌధాలు లేచాయి. అభివృద్ధి లేకపోవడమే రాయపురం కట్టడాన్ని కాపాడిందని చెప్పవలసి ఉంటుంది. ఇది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో తేల్చడం కష్టం.

పేరు విషయంలో తెలుగువారు పొరపడడానికి అవకాశం ఉన్నది. రాయలవారికీ ఈ ఊరికీ సంబంధం లేదు. యేసు శిష్యుడైన పీటరును తమిళ క్రైస్తవులు రాయప్పర్ అంటారు. తెలుగు కతోలికులలోను రాయప్ప అన్న పేరు వినబడుతూనే ఉన్నది. ఈ తీరాన పడవలు నడుపుకొని బ్రతికిన క్రైస్తవులు ఆ శిష్యుని పేర కట్టుకొన్న గుడివల్ల పేటకు రాయపురమన్న పేరు నిలిచింది. ఆ శిష్యుడూ చేపలు పట్టేవాడే కాబట్టి పేరు సార్థకమే.

స్టేషను అక్కడ వెలియడానికీ ఆ పడవలే కారణం. 1850ల నాటికి చెన్నపట్టణానికి రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకులనూ మనుష్యులనూ కెరటాలమీదుగా మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. మేకులు లేకుండా పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టిన పడవలవి. రైలు కంపెనీకి కావలసింది ఓడ సరుకు దిగే ఒడ్డు, ఆ సరుకు కొని అమ్మే కోమట్లు, బేరి శెట్లు, గుజరాతీలు నివసించే నల్లపట్టణం, ఆ రెంటికీ చేరువలో ఖాళీ జాగా. కోటకు ఉత్తరాన నల్లపట్టణపు అంచున ఉన్న రాయపురంలో మూడూ కలిసి వచ్చాయి. ప్రయాణికులకంటె ముందుగా మూటలు కుదిర్చిన స్థలమది.

ఈ మార్గానికి పెట్టుబడి ఎవరిది, నష్టభయం ఎవరిది అన్న ప్రశ్న వేయక తప్పదు. మద్రాసు రైల్వే కంపెనీ లండనులో ఏర్పడింది. వాటాదారులకు ఏటా సుమారు 5 శాతం వడ్డీ ముట్టేటట్లు ప్రభుత్వం హామీ ఇచ్చింది. బండి లాభంతో నడిచినా నష్టంతో నడిచినా ఆ వడ్డీ ఆగదు. లోటు పడితే పూడ్చేది ఈ దేశపు రాబడి, అనగా ప్రధానంగా రైతు కట్టే శిస్తు. అదే కాలంలో, 1852లో, గాజుల లక్ష్మీనరసు శెట్టి చెన్నపట్టణ స్వదేశీ సంఘాన్ని నెలకొల్పి, శిస్తుల బరువునూ, వసూలులో జరిగే దౌర్జన్యాలనూ పార్లమెంటుకు విన్నవించాడు. ఆ గొడవ ఊరకే పోలేదు. శిస్తు వసూలుకై రైతులను హింసించడం నిజమేనని 1855లో విచారణ సంఘం అంగీకరించవలసి వచ్చింది. మరుసటి ఏడే రాయపురంలో బండి కూసింది. స్టేషను స్తంభాల అందాన్ని వర్ణించేవారు ఈ రెండు సంవత్సరాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడడం అరుదు.

రైళ్ళకు ఇంత ధనం పోయరాదని వాదించిన తెల్లదొర ఒకడు ఉండినాడు. ఆయన తెలుగువారికి సుపరిచితుడైన ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేసిన ఆ ఇంజినీరు, ఈ దేశానికి కావలసింది నీరనీ, కాలువ పొలాన్ని తడపడమేగాక సరుకునూ చవకగా మోస్తుందనీ, రైలు ఈ రెండింటిలో ఒక్కటే చేయగలదనీ జీవితాంతం వాదించాడు. ఆయన మాట నెగ్గలేదు. కాలువకట్టమీద తిరిగినవాడు కాబట్టి గోదావరి రైతు ఆయనకు మొక్కుతాడు. రాయపురం నుండి బయలుదేరిన పట్టా పోయింది మాత్రం గోదావరి వైపు కాదు.

1856 జూన్ 28న గవర్నరు లార్డ్ హారిస్ స్టేషనును ప్రారంభించాడు. కట్టడానికి రూపకల్పన చేసినవాడు విలియం ట్రేసీ. ప్రారంభదినాన గవర్నరు, ఐరోపావారు ఎక్కిన బండి ఒకటి. రైల్వేలో పనిచేసే భారతీయులతో తిరువళ్ళూరు దాకా పోయిన బండి మరొకటి. జూలై 1 నుండి ప్రజలకు టిక్కెట్లు ఇచ్చారు. మార్గం వాలాజాపేట వరకు, సుమారు 63 మైళ్ళు. చివరి స్టేషనుకు ఆనాడు ఆర్కాటు అని పేరు పెట్టారు. నవాబుల రాజధాని పేరు బండికి గౌరవం తెస్తుందని కాబోలు.

అక్కడినుండి మార్గం పడమటికి సాగి 1862 నాటికి మలబారు తీరాన్ని ముట్టింది. తెలుగువారి చరిత్రకు సంబంధించినది రెండవ శాఖ. అది అరక్కోణం వద్ద చీలి, తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట మీదుగా కడపసీమలో ప్రవేశించి, నందలూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని దాటి 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చే మార్గంతో కలిసింది. ఈ ఊళ్ళ పేర్లు వరుసగా చదివితే రాయలసీమ పటం కళ్ళకు కడుతుంది. తెలుగుదేశంలోకి చెన్నపట్టణం వేసిన మొదటి ఇనుపదారి ఇదే. కోస్తా జిల్లాలకు ఆ భాగ్యం చాలాకాలం లేదు. బెజవాడ నుండి చెన్నపట్టణానికి తీరం వెంబడి రైలు 1899లో గాని పూర్తికాలేదు. అందాకా సర్కారు జిల్లాలవారికి సముద్రపు ఓడ, ఎద్దుబండి, కాలువపడవ ఇవే గతి. బకింగ్‌హాము కాలువలో పడవలు ఉప్పూ, కట్టెలూ, ధాన్యమూ, మనుష్యులనూ మోసుకొని రాయపురానికి కూతవేటు దూరంలో ఉన్న కాలువరేవుకు చేరేవి. నేటి బేసిన్ బ్రిడ్జి స్టేషను పేరులో ఉన్న బేసిన్ ఆ పడవలు నిలిచిన మడుగే. సీమవారు రైలులోను, సర్కారువారు పడవలోను వచ్చి ఇంచుమించు ఒకే పేటలో దిగిన కాలం ఒకటి ఉండినది.

సీమకు ఆ పట్టా ఏమి చేసిందో 1876–78 నాటి కరవు చెబుతుంది. వానలు తప్పి బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. బెంగాలు నుండి, బర్మా నుండి ధాన్యం ఓడలలో వచ్చి చెన్నపట్టణం ఒడ్డున గుట్టలు పడింది. దానిని లోపలి జిల్లాలకు మోసేందుకు బండ్లు చాలలేదు. సింగిలు పట్టామీద ఒక బండి పోతే తప్ప మరొకటి రాలేదు. చేరిన ధాన్యమైనా చేరవలసినవారికి చేరలేదు. రైలు ధాన్యాన్ని ధర ఎక్కువ పలికే చోటికి మోస్తుంది. ఆకలి ఎక్కువ ఉన్న చోటికి మోయడం దాని ధర్మం కాదు. పైరు పోయి, కూలి పోయి, పశువులు పోయిన మాలమాదిగలకూ, చేనేతవారికీ స్టేషను వాకిట బస్తాలు కనిపించాయి గాని కొనడానికి కాసులు లేకపోయాయి. కరవుపనుల చోట్ల కూలి కొలతను కూడ 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. మద్రాసు రాజధానిలో చనిపోయినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. బండి లేకుంటే ఇంకెందరు పోయేవారో అన్న వాదమూ ఉన్నది, దానిలో నిజమూ ఉన్నది. అయితే బండి రాకముందు మిగులు గింజను ఊరి పాతరలలో దాచుకొనే అలవాటు ఉండేదనీ, పట్టా పడ్డాక ఆ గింజ ముందుగానే పట్టణానికి తరలిందనీ అనేవారి మాటను కొట్టివేయలేము. రాయపురం గోదాముల చరిత్ర వ్రాయబోయేవాడు ఈ రెండు వాదాలనూ ఒకే త్రాసులో వేసి తూచవలసినదే.

చెన్నపట్టణం ఆనాడు తెలుగు అచ్చుకు రాజధాని కూడ. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో, అనగా స్టేషను తెరవడానికి రెండేళ్ళ ముందు, ముద్రణాలయం స్థాపించారు. కావ్యాలు, శతకాలు, పురాణాలు, వాచకాలు ఇక్కడ అచ్చై నాలుగు చెరగులకూ పోయాయి. పండితుడు తాటాకు కట్ట విప్పే ఊళ్ళోకి కాగితపు పుస్తకం పార్శెలు మూటలో దిగింది. గ్రంథముద్రణ చరిత్ర వ్రాసేటప్పుడు అచ్చుయంత్రానికి ఇచ్చిన స్థానం పార్శెలు ఆఫీసుకు ఇవ్వకపోవడం మన చరిత్రకారుల అలవాటు. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 1908లో ఆరంభించిన ఆంధ్రపత్రికను 1914లో చెన్నపట్టణానికి మార్చి దినపత్రిక చేయగలగడానికి, తెలుగు పాఠకులకు చేరువ కావడమన్న కారణంతోపాటు, రాత్రి అచ్చైన కాగితాన్ని తెల్లవారేసరికి మోసే బండ్లు ఉండడమూ ఒక కారణమే.

అయితే ఆ కాగితాలను మోసిన బండ్లు బయలుదేరినది రాయపురం నుండి కాదు. సముద్రానికీ గోదాములకూ మధ్య ఇరుకున పడిన రాయపురం రద్దీ తగ్గించడానికి 1873లోనే పార్కుటౌనులో సెంట్రల్ స్టేషను కట్టారు. హార్డింగు గీసిన ఆ కట్టడానికి తరువాత చిషోలం మెరుగులు దిద్దాడు. ఆ గడియార స్తంభమే పట్టణానికి ముఖం అయింది. 1875 ప్రాంతాల మొదలైన రేవు పని, 1881 తుఫానులో కొట్టుకుపోయి, మళ్ళీ లేచి, ఒడ్డునంతా ఆక్రమించింది. రాయపురానికి ఎదగడానికి చోటు మిగలలేదు. 1907లో సెంట్రల్ ప్రధాన స్టేషను అయింది. మరుసటి ఏడు మద్రాసు రైల్వే కంపెనీ దక్షిణ మహారాష్ట్ర రైల్వేతో కలిసిపోయింది. ఆ ఉమ్మడి కంపెనీ ప్రధాన కార్యాలయం మరి కొన్నాళ్ళు రాయపురంలోనే ఉన్నది. 1922లో అదీ సెంట్రల్ ప్రక్కన కట్టిన కొత్త సౌధానికి తరలింది. యజమాని ఇల్లు మారితే పాత ఇంటికి మిగిలేది పనివారే.

తెలుగు సాహిత్యంలో సెంట్రల్ స్టేషను ఉన్నంతగా రాయపురం లేకపోవడానికి మూలం ఇక్కడ ఉన్నది. 20వ శతాబ్దపు తెలుగు వచనాన్ని అధికభాగం వ్రాసినవారు కోస్తా జిల్లాలవారు. వారికి రైలు వచ్చేనాటికి సెంట్రల్ వెలసి 26 ఏళ్ళయింది. వారు ఎరిగిన చెన్నపట్టణపు వాకిలి అదే. పత్రికాఫీసు పనికో, సినిమా పనికో, కాలేజీ చదువుకో వచ్చినవాడు అక్కడే దిగి జట్కా బేరమాడాడు. రాయపురం గుండా వచ్చిన సీమ రైతు, కరవుకూలి, చేనేత కార్మికుడు జ్ఞాపకాలు వ్రాసుకోలేదు. స్మృతి ఎవరి కలంలో ఉంటే ఆ వాకిలే చరిత్రకు ఎక్కుతుంది.

పేరు పోయినా పని పోలేదు. నిజానికి రాయపురం సబర్బన్ జీవితం అప్పటినుండే ఆరంభమని చెప్పవచ్చును. పట్టా వెంట వరుసగా పని వెలసింది: పెరంబూరులో 1856 నుండే బండ్లు బాగుచేసే కార్ఖానా, ఆపైన బకింగ్‌హాము, కర్నాటకు బట్టలమిల్లులు, ఇటు రేవు, అటు చాకలిపేట మగ్గాలు. 1918లో మదరాసు కార్మికసంఘం పుట్టినప్పుడు దానికి పూనుకొన్నవారిలో సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ఉన్నారు. ఆ మిల్లులలో, మగ్గాలలో తెలుగు మాటాడే ఇళ్ళవారు తక్కువేమీ కాదు. దేవాంగ నేత కుటుంబంలో పుట్టి జస్టిసు పార్టీ స్థాపకులలో ఒకడైన పిట్టి త్యాగరాయ శెట్టి ఈ ఉత్తర పేటలవాడే; ఆయన పేర కళాశాల చాకలిపేటలో నేటికీ నడుస్తున్నది. ఆంధ్రరాష్ట్రం కోసం 1952లో ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు 1901లో పుట్టినది జార్జిటౌనులో, అణ్ణాపిళ్ళ వీధిలో. ఆయన యౌవనంలో చేసిన ఉద్యోగం రైల్వేలో. ఆ త్యాగం తరువాత రాష్ట్రం వచ్చింది గాని పట్టణం రాలేదు. ఈ పేటలలో ఇంటిలో తెలుగు మాటాడుతూ బయట తమిళం చదివే కుటుంబాలు మిగిలాయి.

సరిహద్దు గీత పట్టాను తెంచలేదు. ఇది గుర్తుంచుకోదగిన సంగతి. సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మస్థలమైన తిరుత్తణి 1953లో ఆంధ్రలో ఉండి, పటాస్కర్ తీర్పు ననుసరించి 1960లో మదరాసు రాష్ట్రానికి పోయింది. ఆ తిరుత్తణికి నేడు చెన్నై సబర్బన్ బండి పోతుంది. ఉత్తరాన గుమ్మిడిపూండి, ఆరంబాకం దాటి, ఆంధ్రప్రదేశ్‌లోని తడ మీదుగా సూళ్ళూరుపేట వరకు సబర్బన్ సర్వీసు నడుస్తున్నది. చెన్నై సబర్బన్ టిక్కెట్టు ఒకటి రెండు రాష్ట్రాలలో చెల్లుతున్నదన్నమాట. 1931లో బీచి, తాంబరాల మధ్య మీటరుగేజి మీద విద్యుత్తు బండ్లు మొదలైనప్పుడు దక్షిణపు పేటలు పెరిగాయి. ఉత్తరానికి, పడమటికి ఆ వసతి 1970ల చివరకు గాని రాలేదు. దాదాపు అర్ధశతాబ్దపు ఎడం. దక్షిణ చెన్నైకీ ఉత్తర చెన్నైకీ ఇళ్ళ ధరలో, వీధుల వెడల్పులో కనిపించే భేదానికి ఈ ఎడం ఒక్కటే కారణమని కాదు. ఒక కారణమని మాత్రం ఒప్పుకోవాలి. విచిత్రమేమంటే ఆ బండ్ల పెట్టెలు తయారయ్యే ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955లో స్థాపితమైనది పెరంబూరులో, అనగా ఉత్తరపు మార్గపు అంచుననే.

స్టేషను కట్టడం మాత్రం ఈ కాలమంతా క్షీణిస్తూ వచ్చింది. రేవుసరుకుకు గిడ్డంగిగా, ఆఫీసు సామానుకు కొట్టుగా మారి, కప్పులు కూలి, 20వ శతాబ్ది చివరకు పూర్తిగా పాడుపడింది. పట్టణ చరిత్రపై అభిమానం గలవారు పోరగా 2005లో రైల్వేవారు దానిని బాగుచేయించారు. మరుసటి ఏడు నూటయాభై ఏళ్ళు నిండాయి. సున్నం వేశారు, రంగు వేశారు, శిలాఫలకం పెట్టారు. ఆ తరువాత ఏమి చేయాలన్నది నేటికీ తేలలేదు.

తేలని ఆ ప్రశ్నకు మూడు సమాధానాలు వినబడుతున్నాయి. రాయపురాన్ని దూరపు బండ్లకు టెర్మినలు చేయమన్నది మొదటిది. ఉత్తర చెన్నైవారు దీనిని చాలాకాలంగా అడుగుతున్నారు. సెంట్రల్, ఎగ్మూరు చాలక తాంబరాన్ని మూడవ టెర్మినలు చేశారు. తాంబరం దక్షిణాన ఉన్నది. నాలుగవదానికి ఇటీవల పెరంబూరు పేరు ముందుకు వచ్చింది. రాయపురంవారి కోరికలో న్యాయం ఉన్నది. ఎప్పుడూ ఉత్తరానికి పొగ, సరుకు లారీలు, గోదాములు; దక్షిణానికి వసతులు అన్న వారి ఫిర్యాదు అబద్ధం కాదు. అయితే దూరపు బండికి పొడవైన ప్లాట్‌ఫారాలు, పెట్టెలు కడిగే గుంతలు, వాహనాలు నిలిచే జాగా కావాలి. రేవు లారీలతో క్రిక్కిరిసిన వీధులలోకి ఇవన్నీ తెస్తే పాత కట్టడానికి ముప్పు వస్తుంది. 1873లో ఏ ఇరుకువల్ల టెర్మినలు రాయపురం నుండి జారిందో ఆ ఇరుకు నేడు తగ్గలేదు, పెరిగింది.

రెండవ సమాధానం మ్యూజియం. ఇది వినడానికి సొంపుగా ఉంటుంది. కోచ్ ఫ్యాక్టరీ దగ్గర రైలు మ్యూజియం ఒకటి ఇదివరకే ఉన్నది. అక్కడ పాత ఇంజన్లు చెట్లక్రింద విశ్రమిస్తున్నాయి. రాయపురాన్ని కూడ అట్లా చేసి గేటు పెట్టి టిక్కెట్టు అమ్మితే, రోజూ ఆ వసారా ముందునుండి నడిచిపోయే చేపల గంపలామెకు అది ఇంకా పరాయిదవుతుంది. ఒక స్టేషను ప్రాచీనత దాని రాతిలో మాత్రమే లేదు. 1856 నుండి అక్కడ బండి ఆగడం మానలేదన్నదే దాని విశేషం.

మూడవ సమాధానాన్ని పెద్దగా ఎవరూ నినదించరు. ఎందుకంటే అందులో ఆర్భాటం లేదు. సబర్బన్ స్టేషనుగానే దానిని బాగుగా నడపడం. 2021 ఫిబ్రవరిలో మెట్రో రైలు వాషర్మన్‌పేట నుండి విమ్కోనగరు దాకా పొడిగింది. త్యాగరాయ కళాశాల పేర ఒక స్టేషను, తొండయార్‌పేటలో ఒక స్టేషను భూమిలోపల ఏర్పడ్డాయి. వీరాస్వామయ్య పల్లకీ కదిలిన పేట అడుగున నేడు నిమిషాల లెక్కన బండ్లు పోతున్నాయి. ఆ మెట్రోకు, కాశిమేడు చేపలరేవుకు, మణియగారు సత్రం నుండి పెరిగిన స్టాన్లీ ఆస్పత్రికి రాయపురం స్టేషనునుండి నీడ ఉన్న నడకదారి, రాత్రిపూట దీపం, చిన్న బస్సులు, సమయానికి తప్పని బండ్లు. ఇవి వస్తే స్టేషనుకు జనం వస్తారు. ఆ వసారా తలుపులు తెరిచి బల్లలు వేస్తే జనం అక్కడే కూర్చొని బండికై ఎదురుచూస్తారు. టిక్కెట్టు గది ఆ స్తంభాలమధ్యకు మారితే ఇంకా మేలు. అది కట్టినదే అందుకు. వాడుకలో ఉన్న ఇంటికి చెదలు తక్కువ పడుతుంది.

గోడమీద చరిత్ర వ్రాయదలచితే లార్డ్ హారిస్ పేరుతో ఆపకూడదు. గుత్తికీ ఆదోనికీ పోయిన, పోలేకపోయిన ధాన్యపు బండ్ల మాట ఉండాలి. పెరంబూరు కార్మికుల మాట ఉండాలి. తమిళంతోపాటు తెలుగులోనూ ఉండాలి. ఆ తెలుగు వాక్యాలు వ్రాయవలసినవారికి సామగ్రి తక్కువ లేదు. కరవు నివేదికలు, కంపెనీ లెక్కలు, ఆనాటి పత్రికలు చెన్నైలోనే, ఎగ్మూరు పురాలేఖల భాండాగారంలో ఉన్నాయి. చదివినవారే తక్కువ.

రాయపురంలో విద్యుత్తు ఇంజన్ల షెడ్డు ఒకటి ఉన్నది. ఆ షెడ్డుకు చెందిన ఇంజన్లమీద దాని పేరు పెద్ద అక్షరాలతో వ్రాస్తారు. బెజవాడ ప్లాట్‌ఫారం మీద, కాజీపేటలో, విశాఖపట్టణంలో, ఇంకా పైన నాగపురం దాటి ఢిల్లీ దాకా పోయే బండ్లకు ముందు ఆ పేరు కనిపిస్తుంది. కాఫీ త్రాగుతూ తలెత్తి చదివిన తెలుగు ప్రయాణికుడు ఇదేదో తమిళ గ్రామం కాబోలు అనుకొని తన పెట్టె వెతుక్కుంటాడు.